ఆ చిటపటలను అలాగే ఉండనివ్వండి

1970 మే నెలలో ఇంగ్లండు రాక్ బృందం ‘ద హూ’ విడుదల చేసిన ‘లైవ్ ఎట్ లీడ్స్’ ఎల్పీ రికార్డు నడిమధ్యన అతికించిన కాగితం మీద చేతిరాతతో ఒక సూచన ఉంటుంది. ఇందులో చిటపట శబ్దాలు వినిపిస్తాయి, అవి ఉండవలసినవే, సరిచేయవద్దు అని దాని సారాంశం. రికార్డు తయారీలో ఏ దశలోనైనా ఎవరో ఒక ఇంజనీరు ఆ చప్పుళ్లను లోపమనుకుని తుడిచేస్తాడేమోనన్న ముందుజాగ్రత్త అది. ఆ ఏడాది ఫిబ్రవరి 14న ఇంగ్లండులోని లీడ్స్ విశ్వవిద్యాలయంలో, విద్యార్థులు రోజూ అన్నం తినే భోజనశాలలో, ఆ కచేరీ జరిగింది. టేపు మీద అక్కడక్కడా చిటపటలు పడ్డాయి. వాటిని దాచిపెట్టడానికి ద హూలో గిటారు వాయించే పీట్ టౌన్‌షెండ్ గాని, తక్కినవాళ్లు గాని ప్రయత్నించలేదు. పైగా గోధుమరంగు అట్ట మీద రబ్బరు ముద్ర వేసినట్టు పేరు అచ్చువేసి, దొంగచాటుగా అమ్ముడయ్యే రికార్డుల వేషంలోనే దాన్ని బజారుకు పంపారు. ఆరే పాటలున్న ఆ రికార్డును రాక్ సంగీతాభిమానులు అరవై దాటిన వయసులో కూడా తలచుకుంటారు. 1995లో మరిన్ని పాటలు చేర్చి సీడీగా మళ్లీ విడుదల చేసినప్పుడు, డిజిటల్ పద్ధతిలో ఆ చిటపటల్లో చాలావాటిని తొలగించారు. పాటలు పెరిగినందుకు నేను ఎంతో సంతోషించాను గాని, ఆ సూచనను పక్కన పెట్టినందుకు ఇప్పటికీ సమాధానపడలేకపోతున్నాను.

కచేరీ రికార్డింగును స్టూడియో రికార్డింగులా శుభ్రం చేయడం తప్పని నేను గట్టిగా నమ్ముతాను. స్టూడియోలో చేసిన పాట ఒక తయారీ. దాన్ని ఎన్నిసార్లు పాడినా, ఎన్ని ముక్కలు అతికించినా అడిగే హక్కు మనకు లేదు, ఎందుకంటే చివరికి చేతికొచ్చిన వస్తువే అక్కడ అసలు సంగతి. కచేరీ రికార్డింగు సంగతి వేరు. అది ఫలానా ఊళ్లో, ఫలానా సాయంత్రం, ఫలానా జనం ముందు జరిగినదానికి సాక్ష్యం. ఆ సాయంత్రం గాయకుడి గొంతు బొంగురుపోయి ఉంటే ఆ బొంగురూ, గిటారు తీగ శ్రుతి దిగితే ఆ దిగుడూ, జనం తాళం తప్పి చప్పట్లు కొడితే ఆ తప్పూ అందులో ఉండాలి. అంతకంటే ముఖ్యంగా, విన్నవాళ్లు అందులో ఉండాలి. వాళ్లను తగ్గించి, తుడిచి, పాట మొదట్లోనూ చివరా కాసేపు హోరుగా మాత్రమే మిగిల్చే పద్ధతి వచ్చాక, కచేరీ రికార్డులో సగం పోయిందని నా అభియోగం.

ఇది మనకు తెలియని సంగతేమీ కాదు. పద్యనాటకం చూసి పెరిగినవాళ్లను ఎవరినైనా అడగండి. రాగం తీసి పద్యం చివరి పాదం ముగించగానే పందిరి నలుమూలల నుంచీ ‘వన్స్‌మోర్’ అన్న కేక లేస్తే, కథలో ఎంత ఉద్రిక్త ఘట్టమైనా ఆపి, నటుడు హార్మోనియం వైపు ఒకసారి చూసి, అదే పద్యాన్ని ఇంకా పెద్ద ఆలాపనతో మళ్లీ అందుకునేవాడు. రెండోసారి పాడినదే ఎప్పుడూ గొప్పగా ఉండేది. ఆ రెండోసారిని రప్పించింది పందిట్లో కూర్చున్నవాళ్లు. అవే పద్యాలను మూడు నిమిషాల గ్రామఫోను పలకల మీద విన్నవాళ్లకు స్వరం దొరికింది, సాహిత్యం దొరికింది, ఆ కేక మాత్రం దొరకలేదు.

నేను రాక్ సంగీతంలోకి వచ్చింది డీప్ పర్పుల్ బృందం ‘మేడ్ ఇన్ జపాన్’ ద్వారా. ఎనభైల చివర్లో సికింద్రాబాదులో మా కాలేజీ దారిలో ఒక రికార్డింగ్ సెంటరు ఉండేది. ఖాళీ క్యాసెట్టు, పాటల జాబితా ఇచ్చి వస్తే రెండుమూడు రోజుల్లో ఎక్కించి ఇచ్చేవారు. అక్కడ సినిమా పాటల ఎల్పీల వెనక, వరసలో చివరన, ఇంగ్లీషు రికార్డులు కొన్ని ఉండేవి. తొంభై నిమిషాల క్యాసెట్టుకు ఒక వైపు నలభై అయిదు నిమిషాలు పడుతుంది కాబట్టి, రెండు ఎల్పీలున్న ఆ ఆల్బంలో మొదటి రికార్డు అంతా ఒక వైపు, రెండో రికార్డు అంతా రెండో వైపు సరిగ్గా సరిపోయేవి. రికార్డు తిప్పి ముల్లు మళ్లీ పెట్టిన చప్పుడు కూడా ఆ క్యాసెట్టులో పడింది. కొన్నేళ్ల తర్వాత సీడీ కొని విన్నప్పుడు, ఆ చోటు రాగానే నా చెవి దానంతట అదే ఆ టక్కుమన్న చప్పుడు కోసం ఎదురుచూసింది.

ఆ రికార్డు పుట్టిన తీరు నా వాదనకు మంచి ఆధారం. 1972 ఆగస్టు 15, 16 తేదీల్లో ఒసాకాలోనూ, 17న టోక్యోలోని బుడోకాన్‌లోనూ జరిగిన మూడు కచేరీలను ఇంజనీరు మార్టిన్ బర్చ్ ఎనిమిది ట్రాకుల యంత్రం మీద, అంటే శబ్దాలను ఎనిమిది వరసల్లో విడివిడిగా పట్టే యంత్రం మీద, రికార్డు చేశాడు. అడిగింది జపాన్‌లోని రికార్డు కంపెనీ. అప్పట్లో బృందానికి ఆ ఆలోచన మీద పెద్ద ఆసక్తి లేదు, దాన్ని జపాన్ బయట విడుదల చేయాలని కూడా మొదట అనుకోలేదు. ఆ ట్రాకులను ఒకటిగా కలిపే మిక్సింగు సమయానికి బేస్ గిటారు వాయించే రోజర్ గ్లోవర్, డ్రమ్స్ వాయించే ఇయాన్ పేస్ తప్ప తక్కినవాళ్లు అటు రాలేదు. తర్వాత స్టూడియోలో కూర్చుని ఏ గొంతునూ ఏ వాద్యాన్నీ మళ్లీ ఎక్కించలేదు. అయినా, అందుకే అని నేనంటాను, అది రాక్ కచేరీ రికార్డుల్లో మొదటి వరసలో నిలబడింది. ఇయాన్ గిలన్ గొంతుతో ఒక పలుకు విసిరితే రిచీ బ్లాక్‌మోర్ గిటారుతో దాన్ని అక్షరాలా తిరిగి పలికించే సవాల్-జవాబ్ అందులో ఒకటి ఉంది. గిలన్ ఒక్కో మెట్టూ పైకి వెళుతుంటే గిటారు వెంటబడుతుంది, చివరికి గొంతు ఎక్కడా ఆగకుండా ఒక పొడవాటి కేకగా మారినప్పుడు హాలులో జనం నవ్వులు, ఈలలు, చప్పట్లు ఒక్కసారిగా లేస్తాయి. ఆ స్పందన తీసేసి ఆ ఘట్టాన్ని వినిపిస్తే అది సాధన చేస్తున్న ఇద్దరు నిపుణుల చప్పుడుగా మిగులుతుంది. జపాన్ శ్రోతలు పాట నడుస్తున్నంతసేపూ మర్యాదగా వింటారు, ముగియగానే ఒక్కపెట్టున పొంగుతారు. ఆ నిశ్శబ్దం వాయించేవాళ్లకు ఇచ్చిన చోటు వల్లే జాన్ లార్డ్ ఆర్గన్ అంత తాపీగా నడవగలిగిందని నేను అనుకుంటాను. చివరి పాట దాదాపు ఇరవై నిమిషాలు, అంటే ఎల్పీలో ఒక వైపు మొత్తం. స్టూడియోలో అదే పాటకు అయిదు నిమిషాలు కూడా పట్టలేదు.

ఎదుటి పక్షం వాదన నాకు తెలుసు, అది తేలిగ్గా కొట్టిపారేయదగ్గది కూడా కాదు. కచేరీలో గాయకుడు పరుగెత్తుతూ, గెంతుతూ పాడతాడు. చూసేవాడికి ఆ గెంతు కనిపిస్తుంది కాబట్టి తప్పిన స్వరం పట్టించుకోడు. ఇంట్లో కూర్చుని పదేపదే వినేవాడికి గెంతు కనిపించదు, తప్పు మాత్రం ప్రతిసారీ వినిపిస్తుంది. కాబట్టి కంటికి దొరికినదాన్ని చెవికి భర్తీ చేయడం కోసం కాస్త సరిచేస్తే నష్టమేమిటని అడుగుతారు. డెబ్బైల్లో ఇలా భర్తీ చేసిన రికార్డులు చాలానే వచ్చాయి. 1975లో వచ్చిన కిస్ బృందం ‘అలైవ్!’లో స్టూడియో పని గణనీయంగా ఉందని దాన్ని తయారు చేసిన ఎడ్డీ క్రేమరే తర్వాత ఒప్పుకున్నాడు. 1978 నాటి థిన్ లిజ్జీ బృందం ‘లైవ్ అండ్ డేంజరస్’లో నాలుగింట మూడు వంతులు స్టూడియోలోనే చేశామని నిర్మాత టోనీ విస్కాంటీ అంటే, మూడు వంతులు కచేరీదే, పావు వంతు మాత్రమే స్టూడియోదని బృందం వాళ్లు అన్నారు. ఈ గొడవ ఇప్పటికీ తెగలేదు. 1979లో జపాన్‌లో రికార్డు చేసిన జూడాస్ ప్రీస్ట్ బృందం కచేరీకి గాయకుడు రాబ్ హాల్‌ఫర్డ్ తన గొంతును తర్వాత స్టూడియోలో మళ్లీ ఎక్కించాడు, తూర్పున చెలరేగినదని అర్థమొచ్చే ‘అన్‌లీష్డ్ ఇన్ ద ఈస్ట్’ అన్న ఆ రికార్డు పేరునే అభిమానులు మార్చి స్టూడియోలో చెలరేగినదని పిలుచుకున్నారు.

ఈ మూడూ నాకు ఇష్టమైన రికార్డులే. థిన్ లిజ్జీ జంట గిటార్లు కలిసి పలికే చోట ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. అయినా వినే ప్రతిసారీ ఒక అనుమానం వెన్నంటుతుంది. ఈ కేక ఆ రాత్రిదేనా? ఈ చప్పట్లు ఈ పాటకే కొట్టారా, లేక వేరే చోట నుంచి తెచ్చి అతికించారా? అనుమానం ఒకసారి పుట్టాక దానికి హద్దుండదు. నిజంగా ఆ రాత్రే గొప్పగా పాడిన చోట కూడా మనసు మెచ్చుకోవడానికి వెనకాడుతుంది. సరిదిద్దడం వల్ల కలిగే అసలు నష్టం అదే. తప్పులతో పాటు ఒప్పుల మీద కూడా నమ్మకం పోతుంది. ‘లైవ్ ఎట్ లీడ్స్’లో సైతం వంతపాట గొంతులు టేపులో సరిగా పడక, టౌన్‌షెండ్, బేస్ గిటారు వాయించే జాన్ ఎంట్‌విజిల్ వాటిని స్టూడియోలో మళ్లీ పాడవలసి వచ్చింది. దాన్ని నేను క్షమించగలను, ఎందుకంటే అది టేపు పోగొట్టిన దాన్ని తిరిగి తెచ్చుకోవడమే గాని ఆ రాత్రి జరగని గొప్పతనాన్ని కల్పించడం కాదు. ఈ రెంటికీ మధ్య గీత సన్ననిదే అయినా ఉంది.

శ్రోతలను తుడిచేయడం గురించి మాట్లాడాలంటే బీటిల్స్ దగ్గరకు వెళ్లక తప్పదు. లాస్ ఏంజిలిస్‌లోని హాలీవుడ్ బౌల్‌లో 1964లోనూ, 1965లోనూ వాళ్ల కచేరీలను మూడు ట్రాకుల యంత్రాల మీద రికార్డు చేశారు. పదిహేడు వేలకు పైబడిన జనం, అందులో ఎక్కువమంది కుర్ర వయసు ఆడపిల్లలు, మొదటి క్షణం నుంచి చివరి క్షణం దాకా అరుస్తూనే ఉన్నారు. వేదిక మీద తమ గొంతు తమకే వినిపించే ఏర్పాటు అప్పటికి లేదు. తాను ముందున్న ముగ్గురి తలల కదలికను చూసి పాట ఎక్కడిదాకా వచ్చిందో పోల్చుకునేవాడినని డ్రమ్స్ వాయించే రింగో స్టార్ తర్వాత చెప్పాడు. ఆ అరుపుల వల్లే టేపులు విడుదలకు పనికిరావని పక్కన పెట్టేశారు. 1977లో వాళ్ల రికార్డుల నిర్మాత జార్జ్ మార్టిన్ వాటిని బయటికి తీసి ఎల్పీగా తెచ్చాడు. 2016లో అతని కొడుకు జైల్స్ మార్టిన్, ఒకే ట్రాకులో కలిసిపోయిన శబ్దాలను విడదీసే సాఫ్ట్‌వేరు సాయంతో, అరుపులను వెనక్కి నెట్టి వాద్యాలను ముందుకు తెచ్చాడు. ఆ కొత్త రూపం వింటే, ఏమీ వినపడని స్థితిలో కూడా ఆ నలుగురూ ఎంత కచ్చితంగా వాయించారో తెలిసి ఆశ్చర్యం కలుగుతుంది. ఆ పని వల్ల తెలిసిన విషయం విలువైనదే, కాదనను. కానీ చరిత్రగా ఒక్క దాన్నే ఉంచుకోమంటే నేను 1977 నాటిదాన్నే ఉంచుకుంటాను. ఆ అరుపు లేకపోతే వాళ్లు 1966లో కచేరీలే మానేసి స్టూడియోలోకి ఎందుకు వెళ్లిపోయారో వినేవాడికి అర్థం కాదు.

కొన్నిసార్లు శ్రోతల్లో ఒక్కడి గొంతే ఆ సాయంత్రానికి పేరు తెచ్చిపెడుతుంది. 1966 మే 17న మాంచెస్టర్ ఫ్రీ ట్రేడ్ హాలులో బాబ్ డిలన్ ఎలక్ట్రిక్ గిటారు తగిలించుకుని వాయిస్తుంటే, జానపద గాయకుడిగా అతన్ని ఆరాధించినవాళ్లు భరించలేకపోయారు. చివరి పాటకు ముందు ఒకడు ‘జూడాస్!’ అని అరిచాడు. ఏసును పట్టిచ్చిన ద్రోహి పేరు అది. నేను నిన్ను నమ్మను, నువ్వు అబద్ధాలకోరువి అని డిలన్ జవాబిచ్చి, బృందాన్ని ఇంకా గట్టిగా వాయించమని చెప్పి పాట అందుకున్నాడు. ఆ పాటలోని కసి ఆ ఒక్క కేకకు బదులు. ఆ టేపు ఏళ్ల తరబడి లండన్ రాయల్ ఆల్బర్ట్ హాలుదన్న తప్పు పేరుతో దొంగ రికార్డుగా తిరిగి, 1998లో అధికారికంగా విడుదలైంది. అలాగే రోలింగ్ స్టోన్స్ 1969 అమెరికా పర్యటన రికార్డులో, రెండు పాటల మధ్య ఒకామె తనకు కావలసిన పాట పేరు పెట్టి, వాయించరా దయ్యమా అన్నట్టు అరుస్తుంది. వాళ్లు ఆ పాట వాయించలేదు, దయ్యం పేరున్న వేరే పాట ఎత్తుకున్నారు. ఇప్పటి శుభ్రత ప్రకారం మిక్సింగు చేస్తే మొదట కత్తెర పడేది ఈ రెండు గొంతుల మీదే.

ఇక గ్రేట్‌ఫుల్ డెడ్. రాక్ కచేరీల రికార్డింగు గురించి అమెరికాలో ఎవరు ఏ చర్చ మొదలుపెట్టినా చివరికి చేరేది వీళ్ల దగ్గరికే. 1965లో కాలిఫోర్నియాలో మొదలై 1995లో గిటారు వాయిస్తూ పాడే జెర్రీ గార్సియా చనిపోయేదాకా దాదాపు 2,300 కచేరీలు చేసిన బృందమిది. రెండు రాత్రులు ఒకే పాటల వరసతో వాయించింది లేదు. ఒకే పాట ఒకనాడు ఆరు నిమిషాలు, మరొకనాడు ఇరవై నిమిషాలు నడిచేది. కాబట్టి అభిమానులు టేపు రికార్డర్లతో వచ్చేవారు, బృందం వాళ్లను ఆపలేదు. మైకుల గొట్టాలు అడవిలా లేచి వెనకవాళ్లకు వేదిక కనిపించకపోవడంతో, 1984 అక్టోబరులో, హాలులో శబ్దాన్ని అదుపు చేసే మిక్సింగు బల్ల వెనక వాళ్లకంటూ ప్రత్యేకంగా చోటు కేటాయించి, దానికి వేరే టికెట్లు పెట్టారు. టేపులను డబ్బుకు అమ్మకూడదన్నది ఒక్కటే కట్టుబాటు. ఖాళీ క్యాసెట్లు, తపాలా ఖర్చు పంపితే ముక్కూమొహం తెలియనివాళ్లు కూడా కాపీ చేసి పంపేవారు.

మా పెదనాన్నగారి అబ్బాయి తొంభైల మొదట్లో అమెరికాలో ఎమ్మెస్ చదువుతూ ఈ మాయలో పడ్డాడు. అన్నయ్య సెలవులకు వచ్చినప్పుడల్లా నాకు కొన్ని క్యాసెట్లు తెచ్చేవాడు. ఆ డబ్బా లోపలి అట్ట మీది రాతే ఒక విద్య. తేదీ, హాలు, ఊరు, పాటల వరస, ఒక పాట ఆగకుండా మరో పాటలోకి జారితే వాటి మధ్య ఒక బాణం గుర్తు, ఏ మైకులు వాడారు, వేదికకు ఎంత దూరంలో పెట్టారు, ఇది అసలు టేపు నుంచి ఎన్నో తరం కాపీ అన్న లెక్క. ప్రతి కాపీకీ కాస్త గరగర చేరుతుంది, కాబట్టి నాలుగో తరం క్యాసెట్టు వింటే సన్నటి వాన కురుస్తున్నట్టే ఉండేది. అన్నయ్య వాటిని రెండు రకాలుగా విడదీసి పెట్టేవాడు, మిక్సింగు బల్ల నుంచి నేరుగా తీసినవి ఒక వైపు, జనంలో మైకు పెట్టి తీసినవి మరో వైపు. మొదటి రకమే మేలని అందరిలా నేనూ అనుకుంటూ విన్నాను గాని, వినేకొద్దీ రెండో రకానికే దగ్గరయ్యాను.

ఎందుకో చెబుతాను. మిక్సింగు బల్ల పని హాలుకు చాలని శబ్దాన్ని స్పీకర్లకు పంపడం. చిన్న హాలులో గిటారు యాంప్లిఫయరు వేదిక మీద నుంచే అందరికీ మోగిపోతుంటే, బల్ల దగ్గర దాన్ని పెంచవలసిన అవసరం ఉండదు. కాబట్టి బల్ల నుంచి తీసిన టేపులో గొంతులు ముందుకొచ్చి, గిటారు ఎక్కడో దూరంగా పడి ఉంటుంది. ఆ టేపులో ఉండేది ఆ హాలులో ఏ ఒక్కరూ వినని కచేరీ. జనంలో పెట్టిన మైకుకు మాత్రం గోడల ప్రతిధ్వని, పైకప్పు మోత, ముందు వరసలో మొదలై వెనక్కి పాకే చప్పట్లు అన్నీ అందుతాయి. అభిమానులు కొందరు ఈ రెంటినీ కలిపి మూడో రకం తయారుచేశారు. శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు ప్రయాణిస్తుంది కాబట్టి, వేదికకు ముప్పై మీటర్ల దూరంలో ఉన్న మైకు సెకనులో పదకొండో వంతు ఆలస్యంగా వింటుంది. రెండు యంత్రాల వేగం కూడా ఒక్కలా ఉండదు. ఆ తేడాలను పాటపాటకూ కొలిచి, జరిపి, జోడించాలి. పైసా రాని ఆ పనికి రాత్రుళ్లు వెచ్చించినవాళ్లు కోరుకున్నది స్పష్టతే అయితే బల్ల టేపుతో ఆగిపోయేవారు. వాళ్లకు హాలు కూడా కావలసి వచ్చింది.

బల్ల టేపుల్లో మకుటం లాంటిది 1977 మే 8న న్యూయార్క్ రాష్ట్రం ఇథాకాలో, కార్నెల్ విశ్వవిద్యాలయం బార్టన్ హాలులో జరిగిన కచేరీ. మే నెలలో మంచు కురిసిన రాత్రి అది. దాన్ని రికార్డు చేసింది గ్రేట్‌ఫుల్ డెడ్ ఇంజనీరు బెట్టీ కాంటర్-జాక్సన్. అద్దె కట్టలేక గోదాములో చిక్కుకుపోయిన ఆమె టేపులు 1986లో వేలంలో ఇతరుల చేతికి పోయి, అక్కడి నుంచి కాపీలుగా దేశమంతా పాకాయి. అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2011 సంవత్సరపు జాతీయ రికార్డింగుల జాబితాలో ఆ కచేరీని చేర్చింది. బృందం తరఫున అధికారిక విడుదల జరిగింది మాత్రం 2017లో, నలభై ఏళ్లకు. కంపెనీలు పట్టించుకోని కాలంలో ఆ రాత్రిని బతికించినవాళ్లు క్యాసెట్లు కాపీ చేసుకున్న అభిమానులే. ఆమె రికార్డింగు స్వచ్ఛంగా, అద్భుతంగా ఉంటుంది, ఆమె చెవికి నేను చేయెత్తి నమస్కరిస్తాను. అయినా అదే రాత్రి జనంలో తీసిన టేపు కూడా ఒకసారి వినమని తెలిసినవాళ్లందరికీ చెబుతుంటాను. పాట ఒక లయలోంచి మరో లయలోకి ఒరిగే చోట, అది మనకు తెలిసేలోపే చుట్టూ ఉన్నవాళ్లకు తెలిసిపోయి లేచే హోరు అందులో ఉంది.

ఈ హోరు ఎలాంటిదో నాకు ఒంటికి తెలిసింది బెంగళూరులో. 2007 మార్చి 17న ప్యాలెస్ గ్రౌండ్స్‌లో ఇంగ్లండు బృందం ఐరన్ మెయిడెన్ తొలిసారి భారతదేశంలో వాయించింది. ముందు రాత్రి హైదరాబాదు నుంచి బయలుదేరిన బస్సుల్లో నల్ల టీషర్టులు తప్ప మరేమీ కనిపించలేదు. నాకంటే పదిహేను, ఇరవై ఏళ్లు చిన్న పిల్లలు దారి పొడవునా పాడుతూనే ఉన్నారు. ఈ బృందం పాటల్లో ఒకదాని ఆరంభంలో గిటారు వాయించే వరసను జనం నోటితో పాడటం రివాజు. 2001 జనవరిలో రియో డి జనైరోలో రెండున్నర లక్షల మంది పాడినది రికార్డుగా వచ్చి, అదే ప్రపంచమంతటికీ పాఠమైంది. మేమందరం ఆ రికార్డు విని నేర్చుకున్నవాళ్లమే. గిటారు మొదలవగానే మైదానమంతా అందుకుంది. నేను మధ్యలో ఉన్నాను. ముందున్నవాళ్లు పాడినది ముందుగా, వెనక వంద మీటర్ల అవతల ఉన్నవాళ్లు పాడినది సెకనులో మూడో వంతు ఆలస్యంగా వచ్చి చేరుతుంటే, ఒకే వరస అలలు అలలుగా మీద పడింది. వేదిక మీద ఉన్న ఏ మైకుకూ అది అలా అందే అవకాశం లేదు.

ఆ సాయంత్రాన్ని ఎవరో కుర్రవాడు ఫోనులో కాసేపు పట్టుకున్నాడు. ఆ ముక్క చేతులు మారి నా దాకా వచ్చింది. అప్పటి ఫోను మైకుకు అంత మోతను తట్టుకునే శక్తి లేదు కాబట్టి డ్రమ్స్ అన్నీ చిరిగిన డప్పులా వినిపిస్తాయి. కానీ ఆ గిటారు వరస మొదలైన క్షణంలో, ఫోనుకు బాగా దగ్గరగా, “ఒరేయ్, మొదలెట్టాడ్రా!” అని ఒక గొంతు పలికి, వెంటనే తనూ పాడటం మొదలుపెడుతుంది. ఎవరో నాకు తెలియదు, కోస్తా యాస. మరుసటి ఏడాది ఫిబ్రవరి 1న ఇదే బృందం ముంబైలో వాయించింది. గాయకుడు బ్రూస్ డికిన్సన్ స్వయంగా విమానం నడుపుతూ చేసిన ఆ ప్రపంచ పర్యటన మీద వచ్చిన ‘ఫ్లైట్ 666’ రికార్డులో మొదటి పాట ముంబైదే. మన జనం హోరు ఒక పెద్ద బృందం అధికారిక రికార్డులో పడినందుకు గర్వపడ్డాను. అయితే ఆ రికార్డులో ఒక్కో పాటా ఒక్కో నగరానిది. ముంబైలో మొదలైన చప్పట్లు మెల్‌బోర్న్ పాటకు దారితీస్తాయి. శబ్దం గొప్పగా ఉంది, వాయింపు గొప్పగా ఉంది, సాయంత్రం మాత్రం ఒక్కటీ పూర్తిగా లేదు. నాకు ఆ పగిలిన ఫోను రికార్డింగే ఎక్కువ. ఇది అభిమానం కొద్దీ అంటున్న మాట అనుకునేవాళ్లు ఉండవచ్చు. మోగిన శబ్దానికీ, విన్న మనుషులకూ సాక్ష్యం ఏది ఎక్కువ ఇస్తోందని అడిగితే మాత్రం వాళ్లూ ఈ మాటే అనవలసి వస్తుంది.

సాంకేతికంగా ఇప్పుడు చేయలేనిది లేదు, అందుకే ఈ మాటలు ఇప్పుడే చెప్పాలనిపించింది. లీడ్స్ మర్నాడు హల్ నగరంలో ద హూ బృందం చేసిన కచేరీ టేపులో మొదటి కొన్ని పాటలకు ఎంట్‌విజిల్ బేస్ గిటారు పడలేదు. 2010లో ఆ కచేరీని విడుదల చేసినప్పుడు, లీడ్స్‌లో ఆయన వాయించినదాన్ని తెచ్చి అక్కడ అమర్చారు. అప్పటికి ఆయన చనిపోయి ఎనిమిదేళ్లు. చేసిన పని ఏమిటో దాచకుండా చెప్పారు కాబట్టి దాన్ని మోసమనను. అయినా హల్‌లో డ్రమ్స్ వాయిస్తున్న కీత్ మూన్‌కు ఆ రాత్రి జవాబిచ్చిన బేస్ అది కాదని తెలిసి వినడం నాకు కష్టంగానే ఉంటుంది. ఇప్పుడు కలిసిపోయిన శబ్దాలను విడదీసే సాఫ్ట్‌వేరు మామూలు కంప్యూటరులోనే పనిచేస్తోంది. గొంతు శ్రుతిని సవరించడం అంతకంటే సులువు. పాత టేపులన్నీ ఒక్కొక్కటిగా ఈ మార్గంలో వెళతాయి. కాబట్టి కంపెనీలను నేను కోరేది రెండు విషయాలు. ఏది ఆ రాత్రిదో, ఏది తర్వాత చేర్చినదో అట్ట మీదే రాయండి. మెరుగుపరచిన రూపంతో పాటు ముట్టుకోని టేపును కూడా వినే వీలు కల్పించండి.

మనవైపు నుంచి చేయవలసిన పని కూడా ఒకటి ఉంది. గత ఇరవై ఏళ్లలో బెంగళూరు, ముంబై, హైదరాబాదు, షిల్లాంగు కచేరీల్లో మనవాళ్లు చిన్న కెమెరాలతో, ఫోన్లతో తీసినవి వేలల్లో ఉంటాయి. అవి పాత ఫోన్ల మెమరీ కార్డుల్లో, పాడైపోబోతున్న హార్డ్ డిస్కుల్లో పడి ఉన్నాయి. వాటిని బయటికి తీసి, వాట్సాప్‌లో పంపి కుదించకుండా, మొదట రికార్డయిన ఫైలును ఉన్నదున్నట్టుగా రెండు చోట్ల దాచండి. ఫైలు పేరులో తేదీ, ఊరు, మైదానం, బృందం రాయండి. డిలన్ మాంచెస్టర్ టేపు అన్నేళ్లు వేరే హాలు పేరుతో తిరగడానికి కారణం ఈ నాలుగు ముక్కలు సరిగా లేకపోవడమే. వీలైతే వేదికకు ఏ పక్కన, ఎంత దూరంలో నిలబడి తీశారో కూడా ఒక వాక్యం జోడించండి. అదే సాయంత్రం మరో మూల నుంచి తీసిన రికార్డింగు దొరికిన రోజున, రెంటినీ జతచేయడానికి కూర్చునేవాడికి మొదట కావలసిన లెక్క అదే.